స్టెరాయిడ్‌తో పాటు రాసిన సెప్ట్రాన్ ఆపేశాక ఆయాసం మొదలైంది, ఎక్స్‌రే మాత్రం నార్మల్. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. నాన్నగారికి 58 ఏళ్లు, బరువు 60 కిలోలు. వాస్కులైటిస్‌కి (రక్తనాళాల వాపు జబ్బు) మూడు నెలలుగా ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నారు, 40 మి.గ్రా.తో మొదలై ఇప్పుడు 25కి తగ్గింది. దానికి తోడు రోగనిరోధక శక్తిని దించే సైక్లోఫాస్ఫమైడ్ ఉంది. మొదట్లో సెప్ట్రాన్ కూడా రాశారు. "ఇది యాంటీబయాటిక్, నెలల తరబడి వేస్తే ఒళ్లు పాడవుతుంది" అని మందుల షాపులో అనడంతో ఆరు వారాల కిందట ఆపేశారు. పది రోజులుగా పొడి దగ్గు, సాయంత్రానికి జ్వరం, మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే బాగుందన్నారు. ఇప్పుడు ఇంకో డాక్టరుగారు "ఫంగల్ న్యుమోనియా కావచ్చు, మళ్లీ సెప్ట్రానే ఎక్కువ మోతాదులో ఇవ్వాలి" అంటున్నారు. ఫంగస్‌కి యాంటీబయాటిక్ ఏమిటి, ఎక్స్‌రే బాగుంటే న్యుమోనియా ఏమిటి అని మీ సందేహం.

ముందు సూటిగా జవాబు. ఆ డాక్టరుగారు అన్న ఫంగల్ న్యుమోనియా పేరు న్యుమోసిస్టిస్ న్యుమోనియా. అది కాదని తేలేదాకా ఇది అదేనని అనుకుని నడవాలి. రేపటి ఓపీకి కాదు, ఈరోజే సీటీ స్కాన్, ఐసీయూ రెండూ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ జబ్బులో ఎక్స్‌రే నార్మల్‌గా ఉండటం వింత కాదు. రెండో డాక్టరుగారు చెప్పిన మందు సరైనదే. ఈ ఒక్క ఫంగస్‌కి ప్రపంచమంతా మొదట వాడేది సెప్ట్రానే. స్టెరాయిడ్‌ని మాత్రం మీ అంతట మీరు ఆపకండి. మూడు నెలలు వాడినవాళ్లలో అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోతుంది. దాన్ని తగ్గించాలా పెంచాలా అన్నది ఆసుపత్రిలో తేలుస్తారు.

బయల్దేరేలోపు ఇంట్లో చేయదగిన పని ఒకటుంది. కోవిడ్ రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ అటకమీద ఎక్కడో ఉంటుంది, బ్యాటరీ మార్చి తీయండి. నాన్నగారిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చేతులు చల్లగా ఉంటే రుద్ది, వేలికి పెట్టి అంకె రాసుకోండి. కూర్చున్నప్పుడే 93, అంతకు తక్కువ ఉంటే ఇక పరీక్షలేమీ వద్దు, బయల్దేరండి. 94, అంతకు పైన ఉంటే చదునైన నేలమీద, మీరు పక్కనే ఉండి, మూడు నాలుగు నిమిషాలు మామూలు నడక నడిపించండి. మెట్లు ఎక్కించొద్దు. నడిచేటప్పుడు ఆక్సీమీటర్ వేలికే ఉండాలి. నాలుగు పాయింట్లు, అంతకు మించి పడినా, 90 కంటే దిగినా అది మామూలు విషయం కాదు. వెంటనే కూర్చోబెట్టండి. ఆగిన తర్వాత కూడా అరనిమిషం పాటు అంకె చూస్తూ ఉండండి. వేలిదాకా రక్తం చేరడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి అసలైన తక్కువ అంకె ఆగాకే కనిపిస్తుంది. చాలామంది ఆగగానే ఆక్సీమీటర్ తీసేసి "బాగానే ఉంది" అనుకుంటారు. కూర్చుంటే 97, నడిస్తే 89 అన్న ఆ తేడాయే ఈ జబ్బుకి పెద్ద సూచన. డాక్టరుగారికి ఈ రెండు అంకెలూ చెప్పండి. ఎక్స్‌రే ఫిల్మ్ కంటే ఇవే ఎక్కువ మాట్లాడతాయి.

ఎక్స్‌రే ఎందుకు మోసం చేస్తుందంటే, మామూలు బాక్టీరియా న్యుమోనియాలో ఊపిరితిత్తిలో ఒక భాగం చీముతో గట్టిపడి తెల్లగా కనిపిస్తుంది. స్టెతస్కోప్ పెడితే శబ్దాలు వినిపిస్తాయి, దగ్గితే తెమడ పడుతుంది. న్యుమోసిస్టిస్ అలా ఒకచోట గుట్టపడదు. రెండు ఊపిరితిత్తుల్లోనూ గాలిగదుల గోడలకి అతుక్కుని, ఆ గదుల్ని సబ్బునురగ లాంటి పదార్థంతో నింపుతూ పోతుంది. గాలి లోపలికి వెళ్తూనే ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం రక్తంలోకి దాటదు. అందుకే దగ్గు పొడిగా ఉంటుంది, స్టెతస్కోప్‌లో ఛాతీ నిశ్శబ్దంగా ఉంటుంది, తొలి రోజుల్లో ఎక్స్‌రేకి ఏమీ అందదు. హెచ్‌ఆర్‌సీటీలో (ఊపిరితిత్తుల్ని సన్నగా చూపే సీటీ స్కాన్) అయితే మసకగాజు అద్దినట్టు రెండువైపులా కనిపిస్తుంది. చాలాసార్లు మధ్యభాగంలో ఎక్కువగా, ఊపిరితిత్తి అంచుల్లో తక్కువగా ఉంటుంది. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు, కాబట్టి కిడ్నీల భయంతో సీటీ వాయిదా వేయొద్దు. సీటీ కూడా పూర్తిగా నార్మల్‌గా ఉంటే అప్పుడు ఈ జబ్బు అవకాశం బాగా తగ్గిపోతుంది. ఛాతీలో నీరు చేరడం, ఉబ్బిన గ్రంథులు దీనికి అలవాటైన లక్షణాలు కావు. అవి కనిపిస్తే టీబీ వైపు చూడాలి.

ఇక ఫంగస్‌కి యాంటీబయాటిక్ ఏమిటన్న మాట. న్యుమోసిస్టిస్ జిరోవెసీ అన్నది ఫంగస్‌లలో ఒక తిక్క ఫంగస్. 1909లో బ్రెజిల్‌లో కార్లోస్ షాగస్ దీన్ని మొదట చూసి, ట్రిపనోసోమా అనే పరాన్నజీవికి ఇదొక దశ అనుకున్నారు. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు పుస్తకాలు దీన్ని ప్రోటోజోవా కిందే రాశాయి. 1988లో దాని రైబోసోమల్ ఆర్ఎన్ఏ చదివాకే ఫంగస్ అని ఖాయమైంది. మన యాంటీఫంగల్ మందుల్లో ఎక్కువభాగం ఎర్గోస్టెరాల్ అనే పదార్థాన్ని గురిపెడతాయి, మామూలు ఫంగస్‌ల కణపొరలో ఉండేది అదే. న్యుమోసిస్టిస్ పొరలో ఎర్గోస్టెరాల్ లేదు, దాని బదులు కొలెస్టరాల్ ఉంటుంది. అందుకని ఫ్లూకొనజోల్, ఇట్రాకొనజోల్, వొరికొనజోల్, ఆంఫోటెరిసిన్ ఇవేవీ దీనిమీద పనిచేయవు. "ఖరీదైనా పర్వాలేదు, మంచి యాంటీఫంగల్ పెట్టండి" అని డాక్టర్‌ని నిలదీసే బంధువులు ప్రతి వార్డులోనూ ఉంటారు, వాళ్లకి ఈ ఒక్క వాక్యం చూపించండి. కాస్పోఫంజిన్ రకం మందులు దీని సిస్టుల (గట్టి గోడ ఉన్న దశ) గోడని మాత్రమే దెబ్బతీస్తాయి. మిగతా దశ మిగిలిపోతుంది కాబట్టి ఒంటరిగా వాడరు.

ఈ ఫంగస్‌కి ఫోలేట్ కావాలి, దాన్ని తానే తయారు చేసుకుంటుంది. మనం తిండిలోంచి తీసుకుంటాం. సెప్ట్రాన్‌లో ఉన్న సల్ఫామెథాక్సజోల్ ఆ తయారీని ఒక మెట్టు దగ్గర ఆపుతుంది, ట్రైమెథోప్రిమ్ ఇంకో మెట్టు దగ్గర ఆపుతుంది. మందు పాతదే, చవకదే. 1977లో అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రిలో వాల్టర్ హ్యూస్ బృందం, ముప్పు ఎక్కువగా ఉన్న 160 మంది మీద పరీక్షించింది. మందు లేని ఉత్తి బిళ్ల వేసుకున్న 80 మందిలో 17 మందికి ఈ న్యుమోనియా వచ్చింది. సెప్ట్రాన్ వేసుకున్న 80 మందిలో ఒక్కరికీ రాలేదు. వైద్యంలో ఇంత తేటగా తేలే లెక్కలు అరుదు. మీ షాపతను చెప్పినట్టు జలుబుకి, జ్వరానికి యాంటీబయాటిక్ వాడొద్దన్నది మంచి సలహానే. దాన్ని ఇక్కడికి తెచ్చి పెట్టడమే తప్పు. నాన్నగారికి ఆ బిళ్ల రాసింది జబ్బు ఉందని కాదు, స్టెరాయిడ్ ఉన్నన్నాళ్లూ కాపలాకి.

కాపలా ఎవరికి కావాలి? వాడుకలో ఉన్న గీత ఇది: రోజుకి 20 మి.గ్రా., అంతకు మించి ప్రెడ్నిసలోన్, నాలుగు వారాలు లేదా ఎక్కువ, దానికి తోడు రోగనిరోధక శక్తిని దించే ఇంకో కారణం. సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్, రక్త క్యాన్సర్, మెదడు గడ్డకి రేడియేషన్‌తో పాటు ఇచ్చే టెమొజొలొమైడ్, ఎముక మజ్జ మార్పిడి, కిడ్నీ లేదా లివర్ మార్పిడి ఇవన్నీ ఆ 'ఇంకో కారణం' కిందికి వస్తాయి. కిడ్నీ మార్పిడి తర్వాత కనీసం మూడు నుంచి ఆరు నెలలు ఇస్తారు, చాలాచోట్ల ఏడాది దాకా కొనసాగిస్తారు. రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) వచ్చి వైద్యం చేస్తే మళ్లీ కనీసం ఆరు వారాలు. నాన్నగారికి స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ రెండూ ఉన్నాయి కాబట్టి ఇక్కడ తర్జనభర్జన అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఈ జబ్బు చాలాసార్లు స్టెరాయిడ్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు కాదు, తగ్గించడం మొదలుపెట్టాక బయటపడుతుంది. అంతవరకు లోపల ఫంగస్ పెరుగుతూనే ఉంటుంది, స్టెరాయిడ్ వాపుని అణచిపెట్టి ఉంచుతుంది. డోసు తగ్గగానే ఒళ్లు ఎదురు తిరుగుతుంది, ఆయాసం అప్పుడు తెలుస్తుంది. మీవాళ్లకి 40 నుంచి 25కి దిగాక రావడం ఈ లెక్కకి సరిపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఇది వారాల తరబడి మెల్లగా నడుస్తుంది. స్టెరాయిడ్, క్యాన్సర్ మందుల మీద ఉన్నవాళ్లలో రోజుల్లోనే ముదురుతుంది. వీళ్లలో ఫంగస్ సంఖ్య తక్కువ, వాపు ఎక్కువ. అందుకే పరీక్షల్లో దొరకడం కష్టం, ప్రాణాపాయమూ ఎక్కువే. వారం ఆగి చూద్దాం అనే జబ్బు కాదన్నది అందుకే.

పరీక్షల దగ్గర రోగులు ఎక్కువగా నష్టపోయేది శాంపిల్ విషయంలో. దగ్గు పొడిగా ఉంటుంది కాబట్టి "తెమడ ఇవ్వండి" అంటే ఉమ్ము ఇస్తారు, దాంట్లో ఏమీ దొరకదు. 3 శాతం ఉప్పునీటిని నెబులైజర్‌లో పీల్పించి లోతునుంచి తెమడ తీయాలి. ముందు నోరు నీళ్లతో బాగా పుక్కిలించాలి. ఉప్పునీరు పీలిస్తే ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి కాబట్టి వాటిని వదులు చేసే సాల్బుటమాల్ ముందే ఇస్తారు. ఇంకా మంచిది బ్రాంకోస్కోపీ చేసి సెలైన్‌తో ఊపిరితిత్తిని కడిగి తీసిన నీరు. కానీ ఆక్సిజన్ బాగా పడిపోయినవాళ్లకి బ్రాంకోస్కోపీయే ప్రమాదం కావచ్చు, ఆ నిర్ణయం అక్కడున్నవాళ్లది.

ల్యాబ్ ఫారం మీద 'న్యుమోసిస్టిస్' అని రాసి ఉందో లేదో అడగండి. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది కానీ కాదు. రాయకపోతే ల్యాబ్‌లో గ్రామ్ స్టెయిన్, టీబీ పరీక్ష, ఫంగల్ కల్చర్ చేసి పంపిస్తారు. ఈ ఫంగస్ మామూలు కల్చర్‌లో పెరగనే పెరగదు. 'ఫంగస్ పెరగలేదు' అని వచ్చే రిపోర్టుకి ఇక్కడ అర్థమే లేదు. దీన్ని చూడాలంటే సిల్వర్ స్టెయిన్ గానీ, ఫ్లోరసెంట్ యాంటీబాడీ గానీ, పీసీఆర్ గానీ కావాలి. సిల్వర్ స్టెయిన్‌లో సిస్టులు నల్లగా, సొట్టపడ్డ పింగ్‌పాంగ్ బంతుల్లా, గుంపులుగా నురగలో ఇరుక్కుని కనిపిస్తాయి. పీసీఆర్ చాలా సున్నితమైనది. జబ్బు లేకుండా ఊపిరితిత్తిలో ఊరికే కూర్చున్న ఫంగస్‌ని కూడా పట్టేస్తుంది. కాబట్టి సీటీ, లక్షణాలతో కలిపి చదవాలి.

రక్తపరీక్షల్లో బీటా-డి-గ్లూకాన్ (ఫంగస్ గోడలో ఉండే పదార్థం) ఉపయోగపడుతుంది, ఎక్కువగా ఉంటే అనుమానం బలపడుతుంది. కానీ ఇమ్యునోగ్లోబ్యులిన్, ఆల్బుమిన్ ఎక్కించినా, కొన్ని రకాల డయాలిసిస్ ఫిల్టర్ల వల్లా అది ఉత్తిగానే పెరుగుతుంది. ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ సాధారణంగా పెరుగుతుంది, కానీ అది పెరగడానికి సవాలక్ష కారణాలు. వీటితో పాటు ధమని రక్తంలో ఆక్సిజన్, పొటాషియం, క్రియాటినిన్, లివర్ పరీక్షలు, రక్తకణాల లెక్క మొదటి రోజే కావాలి. హెచ్‌ఐవీ పరీక్ష కూడా అడుగుతారు. వేరే కారణం కనిపిస్తున్నా చేయడం పద్ధతి, మనసుకి తీసుకోకండి.

శాంపిల్ తీసేదాకా మందు ఆపి కూర్చోనక్కర్లేదు. వైద్యం మొదలైన చాలా రోజుల వరకు ఫంగస్ శాంపిల్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అనుమానం గట్టిగా ఉంటే మందు ముందు, రుజువు వెనక.

టీబీ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర జ్వరం, దగ్గు, ఆయాసం, స్టెరాయిడ్ అనగానే చాలామంది టీబీ మందులు మొదలుపెట్టేస్తారు. టీబీ నిజంగానే ఉండొచ్చు, రెండూ కలిసి కూడా రావచ్చు. కాబట్టి తీసిన శాంపిల్‌లోనే సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) కూడా చేయించాలి. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ మొదలుపెడితే రక్తంలో సెప్ట్రాన్ పరిమాణం తగ్గుతుందని, దానికితోడు ప్రెడ్నిసలోన్ బలం కూడా తగ్గుతుందని గుర్తుంచుకోవాలి. రుజువు లేకుండా టీబీ మందులు పెట్టి రెండు వారాలు ఎదురుచూడటం ఈ జబ్బులో ప్రాణం మీదకి తెస్తుంది.

ఇప్పుడు మోతాదు. మీరు డాక్టర్ కాకపోయినా ఈ లెక్క తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. లెక్క అంతా ట్రైమెథోప్రిమ్‌లో వేస్తారు: కిలోకి రోజుకి 15 నుంచి 20 మి.గ్రా., మూడు లేదా నాలుగు భాగాలుగా. 60 కిలోలకి రోజుకి 900 నుంచి 1200. డీఎస్ (డబుల్ స్ట్రెంగ్త్) బిళ్ల ఒక్కోదాంట్లో 160 మి.గ్రా. ట్రైమెథోప్రిమ్, 800 మి.గ్రా. సల్ఫా ఉంటాయి. అంటే రెండేసి డీఎస్ బిళ్లలు రోజుకి మూడుసార్లు, మొత్తం ఆరు. చీటీలో ఎవరైనా 'రోజుకి 960 మి.గ్రా.' అని రాస్తే గందరగోళం మొదలవుతుంది. 160, 800 కలిపితే ఒక్క డీఎస్ బిళ్లే 960. ఆరు బిళ్లల్లో ఉన్న ట్రైమెథోప్రిమ్ కూడా 960. ఒకటి కాపలా డోసు, రెండోది వైద్యం డోసు. తేడా ఆరు రెట్లు. చీటీలో బిళ్లల సంఖ్య రాయించుకోండి.

ఆయాసం ఎక్కువగా ఉంటే ఇంజెక్షన్ ఎక్కిస్తారు. ఒక్కో 5 మి.లీ. ఆంపూల్‌లో 80 మి.గ్రా. ట్రైమెథోప్రిమ్ ఉంటుంది, కాబట్టి పూటకి నాలుగు ఆంపూల్స్, రోజుకి పన్నెండు. ఒక్కో ఆంపూల్‌ని 125 మి.లీ. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో కలపాలి, అంటే పూటకి అరలీటరు, రోజుకి లీటరున్నర. ఊపిరి ఆడనివాడికి, కిడ్నీ దెబ్బతిన్నవాడికి ఇది చాలా నీరు. అలాంటప్పుడు ఆంపూల్‌కి 75 మి.లీ.కి తగ్గించవచ్చు, కానీ కలిపిన రెండు గంటల్లో ఎక్కించేయాలి. చిక్కగా ఉన్నకొద్దీ మందు గడ్డకట్టి స్ఫటికాలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మసకబారినా, అడుగున ఇసుకలా కనిపించినా పారేయాలి. ఒక్కో పూట గంట నుంచి గంటన్నరలో ఎక్కిస్తారు. రోజూ ఇంత డెక్స్‌ట్రోజ్, దానికి తోడు స్టెరాయిడ్ కాబట్టి షుగర్ ఉన్నా లేకపోయినా రోజూ షుగర్ చూస్తుండాలి. కిడ్నీ పనితీరు బాగా తగ్గి ఉంటే మోతాదు సగానికి దించుతారు. హెచ్‌ఐవీలో వైద్యం 21 రోజులు, మిగతావాళ్లలో 14 నుంచి 21.

కొబ్బరినీళ్లు వద్దు. జ్వరం అనగానే చుట్టాలంతా బోండాలు పట్టుకొస్తారు. ట్రైమెథోప్రిమ్ ఈ మోతాదులో, కిడ్నీ పొటాషియం బయటికి పంపే దారిని మూసేస్తుంది. కొబ్బరినీళ్ల నిండా పొటాషియమే. బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి గానీ, స్పైరొనొలాక్టోన్ గానీ వాడుతుంటే ముప్పు ఇంకా ఎక్కువ, ఆ సంగతి తప్పకుండా చెప్పండి. మూడో రోజుకల్లా, తర్వాత రెండు మూడు రోజులకోసారి పొటాషియం చూడాలి. పళ్లరసాలు, ఓఆర్ఎస్ కూడా అడిగే ఇవ్వండి. మంచినీళ్లు మాత్రం డాక్టర్ వద్దంటే తప్ప బాగా తాగించాలి, లేకపోతే మందు మూత్రంలో స్ఫటికాలు కడుతుంది. క్రియాటినిన్ కొద్దిగా పెరిగినంత మాత్రాన కిడ్నీ చెడిపోయిందని కాదు, క్రియాటినిన్ బయటికి పోయే దారిని కూడా ఈ మందు కొంత అడ్డుకుంటుంది.

స్టెరాయిడ్ పెంచడం వింతగా అనిపిస్తుంది. స్టెరాయిడ్ వల్లే కదా వచ్చింది, మళ్లీ పెంచడమేమిటని అడుగుతారు. మందు తగిలి ఫంగస్ చస్తున్నప్పుడు వాపు ఎగదన్నుతుంది. అందుకే మొదటి నాలుగైదు రోజులు రోగి ఇంకా దిగజారడం మామూలే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో, ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలి పీలుస్తున్నప్పుడు ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 70 మిల్లీమీటర్ల (పాదరసం) కంటే తక్కువ ఉంటే ప్రెడ్నిసలోన్ 40 మి.గ్రా. రోజుకి రెండుసార్లు ఐదు రోజులు, తర్వాత 40 రోజుకోసారి ఐదు రోజులు, తర్వాత 20 చొప్పున 21వ రోజు వరకు ఇస్తారు. వైద్యం మొదలైన 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. దీనివల్ల ప్రాణాలు నిలిచాయన్నది రుజువైన మాట. నాన్నగారి లాంటివాళ్లలో ఆధారం అంత గట్టిది కాదు. అయినా ఆక్సిజన్ బాగా పడిపోతే చాలామంది ఇస్తారు. ఆయన ఎలాగూ 25 మీద ఉన్నారు కాబట్టి ఇది ఆయన్ని చూసేవాళ్లు అక్కడికక్కడే తేల్చాల్సిన విషయం.

మూడో రోజున "మందు పనిచేయడం లేదు, వేరే ఆసుపత్రికి మారుద్దాం" అని అంబులెన్స్ మాట్లాడేవాళ్లున్నారు. ఆగండి. మందు ఓడిందని చెప్పడానికి కనీసం నాలుగు నుంచి ఎనిమిది రోజులు చూడాలి. ఒక్కటి మాత్రం ఆగకూడదు: ఉన్నట్టుండి ఛాతీలో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, దాంతోపాటే ఆయాసం పెరిగితే ఊపిరితిత్తికి చిల్లుపడి గాలి లీకై ఉండొచ్చు. వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

దద్దుర్లు రెండో వారంలో వస్తాయి. జ్వరం తగ్గి, మళ్లీ ఎనిమిది నుంచి పన్నెండో రోజు మధ్య జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు కనిపిస్తే తరచూ మందు వల్లే. తేలిగ్గా ఉంటే దురదకి మందిచ్చి కొనసాగిస్తారు. కానీ నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడటం, చర్మం బొబ్బలెక్కి ఊడటం కనిపిస్తే అది స్టీవెన్స్-జాన్సన్. ఆ క్షణమే ఆపాలి, జీవితంలో మళ్లీ సల్ఫా ముట్టకూడదు. ఇంతకుముందు ఏ సల్ఫా మందుకైనా అలా అయి ఉంటే మొదటిమాటగా అదే చెప్పండి.

మెథొట్రెక్సేట్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఇక్కడ ఆగండి. సెప్ట్రాన్, మెథొట్రెక్సేట్ రెండూ ఫోలేట్ దారినే మూస్తాయి, కలిస్తే రక్తకణాలన్నీ కుప్పకూలవచ్చు. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన ఫోలేట్ పరిశోధనల్లోంచి వచ్చిన మందుల కుటుంబమే మెథొట్రెక్సేట్‌ది. దాని శక్తి ఎంతో, దానికి అదే దారిలో ఇంకో మందు తోడైతే ముప్పూ అంతే. కీళ్లవాతానికి వారానికోసారి మెథొట్రెక్సేట్ వేసుకునేవాళ్లు, మూత్రంలో మంటకని షాపులో సెప్ట్రాన్ అడిగి తెచ్చుకోకూడదు. వార్ఫరిన్, ఫెనిటోయిన్, అజాథయోప్రిన్, షుగర్‌కి వాడే గ్లిమిపిరైడ్ రకం మందులతో కూడా జాగ్రత్త కావాలి. రక్తకణాలు పడిపోతున్నాయని ఫోలినిక్ యాసిడ్ చేర్చడం ఈ జబ్బు వైద్యంలో పనికిరాదు, వైద్యం విఫలమవడం ఎక్కువైందని తేలింది.

సెప్ట్రాన్ పడనివాళ్లకి రెండో దారి క్లిండామైసిన్‌తో ప్రైమాక్విన్, రోజుకి 30 మి.గ్రా., అంటే 15 మి.గ్రా. బిళ్లలు రెండు. తేలికపాటి జబ్బుకి అటొవాక్వోన్ కూడా ఉంది, కొవ్వున్న భోజనంతో వేసుకుంటేనే ఒంటికి పడుతుంది. పెంటామిడిన్ ఇంజెక్షన్ చివరి మాట, అది షుగర్‌ని ఒకసారి కిందికి, ఒకసారి పైకి లాగుతుంది. ప్రైమాక్విన్‌కైనా, కాపలాకి ఇచ్చే డాప్సోన్‌కైనా ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి, ఆ ఎంజైమ్ లేనివాళ్లలో ఎర్రకణాలు పగిలిపోతాయి.

డాప్సోన్ మీద ఉన్నవాళ్లకి ఆక్సీమీటర్ ఒక వింత చేస్తుంది. రక్తంలో మెథ్‌హిమోగ్లోబిన్ పెరిగి, అంకె 85 దగ్గర గట్టిగా నిలబడిపోతుంది. ఆక్సిజన్ పెట్టినా కదలదు, పెదాలు నీలంగా ఉంటాయి, తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంటుంది. అదే రక్తాన్ని గ్యాస్ పరీక్షకి పంపితే ఆక్సిజన్ బాగానే ఉందని వస్తుంది. న్యుమోనియా ముదిరిందని కంగారుపడేముందు మందుల చీటీ చూడాలి.

మీరు అడగకపోయినా మీ ఇంట్లో నడుస్తున్న వాదన ఊహించగలను: ఫ్రిజ్‌లో అన్నం తిన్నందుకా, గోడకి చెమ్మపట్టి బూజు పట్టినందుకా, బాల్కనీలో పావురాల వల్లా అని. ఏదీ కాదు. ఈ ఫంగస్ మనుషుల ఊపిరితిత్తుల్లోనే బతుకుతుంది, మనిషి నుంచి మనిషికి గాలి ద్వారా చేరుతుంది. మనలో చాలామందికి చిన్నతనంలోనే తగిలి, తెలియకుండానే పోయి ఉంటుంది. గోడ బూజు ఆస్పర్‌జిల్లస్ సంగతి, పావురాల రెట్ట క్రిప్టోకాకస్ సంగతి. ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి నాన్నగారి వల్ల భయం లేదు. ఆసుపత్రిలో మాత్రం కిడ్నీ మార్పిడి, కీమో రోగులున్న గదిలో ఆయన్ని ఉంచొద్దని అడగండి.

హెచ్‌ఐవీతో ఉన్నవాళ్లకి ఒక్కమాట. మన దేశంలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) సెంటర్లలో ఈ కాపలా బిళ్ల ఉచితంగా ఇస్తారు, రోజుకో డీఎస్. సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) 350 కంటే తగ్గినా, జబ్బు మూడు, నాలుగు దశల్లో ఉన్నా మొదలుపెడతారు. తల్లికి హెచ్‌ఐవీ ఉంటే బిడ్డకి ఆరో వారం నుంచి సిరప్. నోట్లో తెల్లటి పూత కనిపిస్తే సీడీ4 అంకె కోసం చూడకుండా చెప్పాలి.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు నాన్నగారి మందుల చీటీలన్నీ, సెప్ట్రాన్ ఏ తేదీన ఆపారో, ప్రెడ్నిసలోన్ ఏ వారం ఎంత ఉందో, చివరి సైక్లోఫాస్ఫమైడ్ ఎప్పుడు ఎక్కిందో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. "మందు ఆపేశాం" అని చెప్పడానికి మొహమాటపడొద్దు. డాక్టరుకి అదే అసలు ఆధారం. కోలుకుని ఇంటికొచ్చాక బిళ్లలు ఒక్కసారిగా ఆగవు. రోజుకి ఆరు పోయి, రోజుకొకటి కాపలా డోసు మొదలవుతుంది. స్టెరాయిడ్ బాగా తగ్గి, సైక్లోఫాస్ఫమైడ్ లేదా దాని బదులు వచ్చే మందు ప్రభావం పోయేదాకా అది నడుస్తుంది. ఎప్పుడు ఆపాలో వాస్కులైటిస్ చూసే డాక్టరుగారితో చీటీ మీద తేదీ వేయించుకోండి, ఈసారి షాపులో ఎవరైనా అడిగితే ఆ తేదీ చూపించవచ్చు.